ఇండెంట్‌లో ఒక్క వరుస: అనంతపురంలో ఒక లైనక్స్ యూజర్ గ్రూపు, ఒక కొనుగోలు ఫైలు

అనంతపురం టౌన్‌లో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ల్యాబులో 28, ఆఫీసులో 12 కంప్యూటర్లు. అన్నీ ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లవి. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్కు, విండోస్ 10. ఆ విండోస్‌కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్ వైపు ఎనిమిదో తరం ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. అంటే కాలేజీలో ఉన్న ఒక్క డబ్బా కూడా లెక్కలోకి రాదు. ఇంకేముంది, 40 కొత్త కంప్యూటర్లకు ఇండెంట్ (కొనుగోలు కోరే కాగితం) ముసాయిదా తయారైంది. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ అన్న చోట ఒక వరుస: విండోస్ 11 ప్రో, ఎంఎస్ ఆఫీస్ ఎక్కించి సప్లై చేయాలి.

ఆ వరుసను మార్పించడానికి వాలంటీర్లతో నడిచే ఒక లైనక్స్ యూజర్ గ్రూపు చేసిన పనే ఈ కేసు. లైనక్స్ అంటే విండోస్‌కు బదులు ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. కాలేజీ పేరు, మనుషుల పేర్లు వదిలేశాం. అవి లేకపోయినా పద్ధతి అర్థమవుతుంది. మంత్రిగారికి మెమొరాండం ఇచ్చి ఫోటో దిగడాన్ని చాలా గ్రూపులు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్) రాజకీయం అనుకుంటాయి. జిల్లాలో అసలు నిర్ణయం జరిగేది స్పెసిఫికేషన్ టైపు చేసే సీనియర్ అసిస్టెంటు టేబుల్ మీద. ఆ టేబుల్ దగ్గర గ్రూపుకు మాట చెల్లాలంటే పనిచేసే మెషీన్, సరైన కాగితం, పిలిస్తే వచ్చే మనిషి, మూడూ కావాలి. ఒకటి తగ్గినా మిగతా రెండూ దండగే.

గ్రూపులో ఎవరున్నారు

ఇంజనీరింగ్ విద్యార్థులు, ఒక పాలిటెక్నిక్ లెక్చరరు, ఒక డీటీపీ ఆపరేటరు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు ఊరికొచ్చే ఇద్దరు, ట్రెజరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. కెర్నల్ కంపైల్ చేయగలిగిన పిల్లలు ఎంతమంది ఉన్నా, నోట్ ఫైలు (ఆఫీసులో అభిప్రాయాలు, ఆమోదాలు రాసే పేజీలు) చదవడం తెలిసిన ఆ పెద్దాయన లేకపోతే పని ముందుకు కదిలేది కాదు. కొత్తగా గ్రూపు పెట్టేవాళ్ళు ముందు వెతుక్కోవాల్సింది ఇలాంటి మనిషినే.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద ఏడుగురు సభ్యులుంటే సొసైటీ పెట్టొచ్చు, కానీ పెట్టాక ఏటా సభ్యుల జాబితా, లెక్కలు దాఖలు చేయాలి. బ్యాంకు ఖాతా అవసరమయ్యే దాకా ఆ జోలికి పోకపోవడమే మేలు.

నియమాలు మాత్రం మొదటి రోజే కాగితం మీద పెట్టుకోవాలి. ఈ గ్రూపు మూడు పెట్టుకుంది. కంప్యూటర్ షాపు ఉన్న సభ్యుడు, గ్రూపు అర్జీ పెట్టిన సంస్థకు కొటేషన్ వేయకూడదు. ఇన్‌స్టలేషన్‌కు డబ్బు తీసుకోకూడదు, విడి భాగాలు సంస్థే తన పద్ధతిలో కొనుక్కోవాలి. గ్రూపు పేరుతో ఎవరూ ఏ పార్టీ కండువా కప్పుకుని ఫోటో దిగకూడదు. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది. రాయలసీమలో ఒక్క ఫోటో చాలు, ఐదేళ్ళు ఒక ముద్ర మోయాలి. ప్రభుత్వం మారితే గ్రూపుతోపాటు గ్రూపు ఎక్కించిన లైనక్స్ కూడా పాత పార్టీ లెక్కలో పడిపోతుంది.

ఫైలు ఎట్లా నడుస్తుంది

డిపార్ట్‌మెంట్ నుంచి ఇండెంట్ వస్తుంది. సెక్షన్ అసిస్టెంటు నోట్ పెడతాడు, సూపరింటెండెంట్ చూస్తుంది, ప్రిన్సిపాల్ సంతకం, ఆ తర్వాత పర్చేజ్ కమిటీ. కమిటీ ఆమోదించాకే కొటేషన్లో, టెండరో, జెమ్ పోర్టల్ (ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు వేదిక) బిడ్డో. గ్రూపులు సాధారణంగా మేల్కొనేది టెండరు నోటీసు బయటికొచ్చాక. అప్పటికి స్పెసిఫికేషన్ గట్టిపడి ఉంటుంది. మార్చాలంటే సవరణ నోటీసు ఇవ్వాలి, తన ఫైలుకు తనే సవరణ ఇచ్చుకోవడం ఏ ఆఫీసరుకూ ఇష్టం ఉండదు.

మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే బడ్జెట్ మురిగిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరిలో ఇండెంట్లు రాస్తారు, ఫిబ్రవరిలో పరుగులు పెడతారు. గ్రూపు వెళ్ళాల్సింది అక్టోబరు, నవంబరులో. ఇండెంట్ ముసాయిదా దశలోనే దొరకడం ఇక్కడ కలిసొచ్చింది. ల్యాబు ఇన్‌చార్జి లెక్చరరు స్పెసిఫికేషన్ కోసం పాత విద్యార్థిని అడిగాడు, ఆ విద్యార్థి గ్రూపు మనిషి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాలన్న మాట గ్రూపులో వచ్చింది. వద్దనుకోవడమే మంచిదైంది. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడి, సంబంధిత శాఖ మీదుగా చివరికి ఆ కాలేజీ సెక్షన్ అసిస్టెంటు దగ్గరికే వస్తుంది. పై నుంచి వచ్చిన కాగితానికి జవాబు రాసి మూసేయడమే అతని పని అవుతుంది. పైగా తన మీద ఫిర్యాదు చేశారన్న కోపం మిగులుతుంది. సహాయం చేయాల్సిన మనిషిని చేజేతులా ఎదురు పక్షం చేసుకున్నట్టు.

సమాచార హక్కు దరఖాస్తు

పాత కొనుగోళ్ళ లెక్క తెలియకుండా మాట్లాడితే ఎవరూ వినరు. మొదట ప్రిన్సిపాల్‌ను నోటిమాటగానే అడిగారు. ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు, కాకపోతే ఇచ్చినట్టు రికార్డు ఉండాలన్నారు. అందుకే సమాచార హక్కు చట్టం 2005 కింద దరఖాస్తు వేశారు. ముందే చెప్పి వేసిన దరఖాస్తు పగ అనిపించుకోదు.

దరఖాస్తు వ్యక్తి పేరుతో వేయాలి, గ్రూపు లెటర్‌హెడ్ మీద వద్దు. చట్టం ఈ హక్కు ఇచ్చింది పౌరులకు. సంఘం అధ్యక్షుడి హోదాలో వేస్తే తిప్పి పంపే వీలుంటుంది. రుసుము మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. దాటితే సెక్షన్ 7(6) ప్రకారం కాపీలు ఉచితంగా ఇవ్వాలి. మొదటి అప్పీలుకు 30 రోజులు, కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు.

ఏం అడగాలన్నది ముఖ్యం. "లైనక్స్ ఎందుకు వాడటం లేదు" అని అడిగితే జవాబు రాదు. రికార్డులో ఉన్నదే సమాచారం, కారణాలు తయారుచేసి ఇవ్వాల్సిన పని అధికారికి లేదు. ఇక్కడ అడిగినవి నాలుగే: గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ పర్చేజ్ ఆర్డర్ల కాపీలు, వాటి ఇన్‌వాయిస్‌లు, స్పెసిఫికేషన్ ఆమోదించిన నోట్ ఫైలు పేజీలు, కంప్యూటర్ల స్టాక్ రిజిస్టరు పేజీలు.

వచ్చిన కాగితాల్లో అసలు విషయం బయటపడింది. ఇన్‌వాయిస్‌లో కంప్యూటరు, విండోస్, ఆఫీసు మూడూ కలిపి ఒకే ధర. లైసెన్సుకు ఎంత కట్టారో ఇచ్చినవాళ్ళకు తెలీదు, తీసుకున్నవాళ్ళకు తెలీదు, ఆడిట్‌కూ తెలీదు. స్టాక్ రిజిస్టరులో లైసెన్సు కీ ఎక్కడా నమోదు కాలేదు. ఇది చూశాకే గ్రూపు తన కోరిక మార్చుకుంది. "లైనక్స్ కొనండి" అన్నది పక్కన పెట్టి, "లైసెన్సు ధర విడిగా చూపించమనండి" అన్నది ముందు పెట్టింది. మొదటిది అభిప్రాయం. రెండోది ఆడిట్ భాష, దాన్ని కాదనడానికి ఎవరి దగ్గరా కారణం ఉండదు.

ఏ ఉత్తర్వు చూపించాలి

కేంద్రం 2015లో తెచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానం ఇందులో పెద్ద ఆధారం. ఈ-గవర్నెన్స్ కొనుగోళ్ళ ఆర్‌ఎఫ్‌పీలో (ప్రతిపాదనలు కోరే పత్రంలో) ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే క్లాజు తప్పనిసరిగా ఉండాలనీ, దాన్ని వదిలేస్తే సప్లయర్ కారణం చెప్పాలనీ అది అంటుంది. అయితే అది వర్తించేది కేంద్ర సంస్థలకు, దాన్ని స్వీకరించాలనుకున్న రాష్ట్రాలకు. రాష్ట్ర కాలేజీలో దాన్ని ఊపుతూ "మీరు ఉల్లంఘిస్తున్నారు" అంటే, "మాకు వర్తించదు" అనే ఒక్క ముక్కతో మీ కాగితం పక్కకు పోతుంది. కేంద్ర ఆర్థిక నియమాలు 2017లోని 144వ నియమం కూడా అంతే. స్పెసిఫికేషన్ పనితీరును వర్ణించాలి, ఫలానా బ్రాండు పేరు పెట్టకూడదు అంటుంది. చాలా విలువైన వాక్యం, కానీ కేంద్రానిది.

కాబట్టి వీటిని బెదిరింపుగా కాక మద్దతుగా వాడాలి. సంతకం పెట్టే ఆఫీసరుకు కావాల్సింది రేపు ఆడిట్ అడిగితే చూపించుకోవడానికి ఒక ఆధారం. నోట్ ఫైలులో "కేంద్ర విధానం 2015 స్ఫూర్తితో" అని రాసుకోవడానికి మీరిచ్చిన కాపీ పనికొస్తే చాలు. ఫైలు ఫార్మాట్ల విషయంలో ఇంకో ఆధారముంది. ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్ 2006 నుంచీ ఐఎస్ఓ/ఐఈసీ 26300 ప్రమాణం, కేంద్రం 2010లోనే ఈ-గవర్నెన్స్‌కు ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించింది.

గ్రూపు ఇచ్చిన అర్జీ ఒక్క పేజీ, తెలుగులో. వెనక మూడు అనుబంధాలు. ఇన్‌వార్డ్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, నంబరు వేయించుకున్నారు. ప్రతిపాదించిన స్పెసిఫికేషన్ వాక్యాలను మాత్రం ఫైలులో అతికించుకునేలా ఇంగ్లీషులో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. వాటి సారం ఇది:

1. నెట్‌వర్క్, గ్రాఫిక్స్, సౌండ్‌తో సహా అన్ని భాగాలూ ప్రస్తుతం సపోర్టులో ఉన్న గ్నూ/లైనక్స్ వెర్షన్‌లో పనిచేయాలి. డెలివరీ సమయంలో లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే పెన్‌డ్రైవ్) పరీక్షిస్తాం.
2. ఆపరేటింగ్ సిస్టమ్, ఆఫీసు సాఫ్ట్‌వేర్ ధరలను హార్డ్‌వేర్‌తో కలపకుండా విడి వరుసల్లో చూపాలి. వాటిని తీసుకోవడం, తీసుకోకపోవడం కొనుగోలుదారు ఇష్టం.
3. ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఏదైనా ఐఎస్ఓ/ఐఈసీ 26300 ఫైళ్ళను తెరవగలగాలి, సేవ్ చేయగలగాలి.

మూడోది ఎవర్నీ గేటు బయట నిలబెట్టదు. ఎంఎస్ ఆఫీస్ కూడా 2007 సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఆ ఫైళ్ళను తెరుస్తుంది. పోటీని తగ్గించారన్న ఆరోపణకు చోటు లేదు గనుకే కమిటీ దాన్ని ఒప్పుకుంది. రెండోది జెమ్ బిడ్‌లో ఇమడదు. అక్కడ ధర ఒకే అంకెగా పోతుంది. జెమ్ ద్వారా అయితే కేటగిరీలో ఆపరేటింగ్ సిస్టమ్ గడిలో ఏం ఎంచుకుంటున్నారో క్లర్కు పక్కన కూర్చుని చూడాల్సిందే.

టేబుల్ మీద పరీక్ష

అర్జీ కంటే ముందు గ్రూపు అడిగింది ఆఫీసులో ఒక పాత కంప్యూటరు, ఒక వారం గడువు. సూపరింటెండెంట్ మేడమ్ విద్యార్థులతో అన్న మాట ఇది: "మీరు ఎక్కించి పోతారు నాయనా. రేప్పొద్దున ప్రింటర్ పలక్కపోతే నేనెవర్ని పిలవాల?" లైసెన్సు, స్వేచ్ఛ, భద్రత గురించిన వాదనలన్నీ ఈ ప్రశ్న ముందు చిన్నవే. దీనికి జవాబు ప్రింటరే చెప్పాలి.

ప్రింటర్ల దగ్గరే చాలా మార్పిళ్ళు చచ్చిపోతాయి. మన ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కానన్ ఎల్‌బీపీ 2900. గట్టి యంత్రం, టోనర్ చవక, లైనక్స్‌కు మాత్రం పక్కా తలనొప్పి. అది మామూలు పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ భాషలు మాట్లాడదు. క్యాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో వెళ్ళాలి. కానన్ ఇచ్చిన లైనక్స్ డ్రైవరు పాతది, 32 బిట్ లైబ్రరీలు అడుగుతుంది, వెనక ఒక సర్వీసు నడుస్తూ ఉండాలి. ప్రింటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆ సర్వీసు తప్పిపోతుంది. వాలంటీర్లు రాసిన క్యాప్ట్‌డ్రైవర్ ఇంకొకటి ఉంది. మామూలు పేజీలకు పనిచేస్తుంది, ఆఫీసు మొత్తం దాని మీద ఆధారపడేంత నిలకడ లేదు.

ఇక్కడ అందరూ వేసే ఎత్తు ఒకటుంది: ప్రింటరును ఒక విండోస్ కంప్యూటరుకు తగిలించి, షేర్ చేసి, లైనక్స్ నుంచి పంపడం. ఉత్తగా షేర్ చేస్తే ఉపయోగం లేదు. విండోస్ ఆ డేటాను ఉన్నదున్నట్టు ప్రింటరుకు నెడుతుంది, దాన్ని క్యాప్ట్‌గా మార్చే పని లైనక్స్ వైపే మిగులుతుంది, అంటే మళ్ళీ అదే డ్రైవరు కావాలి. తేలికైన దారి: షేర్డ్ ఫోల్డరులో పీడీఎఫ్ వేసి, విండోస్ మెషీన్ నుంచి ప్రింట్ తీయడం. ఈ కాలేజీలో రెండు 2900లను అట్లాగే ఉంచారు.

హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 కథ వేరు. దాన్ని నడిపించే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, ప్రింటరులో ఉండదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు ఎక్కించాలి. హెచ్‌పీ ప్రింటర్లను లైనక్స్‌లో నడిపే హెచ్‌ప్లిప్ ప్యాకేజీతోపాటు దాని ప్లగిన్ విడిగా వేస్తేనే ఆ పని జరుగుతుంది, ప్లగిన్ వెర్షన్ హెచ్‌ప్లిప్ వెర్షన్‌తో సరిపోవాలి. సిస్టమ్ అప్‌డేట్‌లో హెచ్‌ప్లిప్ మారితే ప్లగిన్ పాతబడి, ప్రింటర్ మూగబోతుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇది బయటపడుతుంది గనుక జనం కరెంటును తిడతారు. మందు: హెచ్‌ప్లిప్‌ను ఆ వెర్షన్ దగ్గరే ఆపి ఉంచడం, ప్లగిన్ ఫైలును ల్యాబు పెన్‌డ్రైవ్‌లో దాచడం. ఎప్సన్ ఎల్ సిరీస్ ట్యాంకు ప్రింటర్లు మాత్రం పెద్దగా ఏడిపించవు. ఎవరైనా కొత్త ప్రింటర్ కొనబోతుంటే డ్రైవర్ అవసరం లేని రకం అడగమనండి. ఈ ఒక్క సలహాతో గ్రూపు మాటకు వచ్చే విలువ ఎంతో.

తెలుగు ఫైళ్ళు

ఆఫీసులో సర్క్యులర్ల మూసలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షర ప్రమాణం) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లు. లైనక్స్‌తో వచ్చే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, "లైనక్స్‌లో తెలుగు రాదు" అన్న పుకారు ఇక్కడే పుడుతుంది. మార్చే టూల్స్ ఉన్నాయి గానీ వత్తులు, రావత్తు, క్ష, అంకెల దగ్గర తప్పులు వస్తాయి. అందుకే ఫైళ్ళన్నీ మార్చబోలేదు. రోజూ వాడే మూసలను మాత్రమే డీటీపీ ఆపరేటరు మార్చి, వరుస వరుసా చదివి సరిచూశాడు. పాతవి పీడీఎఫ్‌లుగా భద్రపరిచారు. ఉద్యోగుల వివరాలున్న ఫైళ్ళను ఆన్‌లైన్ కన్వర్టర్లలో పెట్టకూడదన్నది కచ్చితంగా చెప్పాలి, ఎవరూ చెప్పకపోతే అదే చేస్తారు.

టైపింగ్‌కు ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలు వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు మూడూ వస్తాయి. అనులో యాపిల్ లేఅవుట్‌కు చేయి అలవాటైన టైపిస్టుకు అదే ఇవ్వాలి. ఇన్‌స్క్రిప్ట్ ప్రమాణమని పాఠం చెప్పే సందర్భం అది కాదు. విండోస్‌లో గౌతమి ఫాంటుతో చేసిన ఫైలు లైనక్స్‌లో వేరే ఫాంటుకు మారి పేజీలు జరుగుతాయి. అందుకే మూసలన్నిటినీ మండలి అనే యూనికోడ్ ఫాంటుకు మార్చి, బయటికి పంపే ప్రతీదీ పీడీఎఫ్‌గా పంపే అలవాటు చేశారు.

ఏవి మారవు

సర్వే చేసినప్పుడే విడదీయాలి. బీకాం కంప్యూటర్స్ పిల్లలకు ట్యాలీ కావాలి, అది విండోస్‌దే. వైన్ (విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుపుదామన్న ఉత్సాహం గ్రూపులో ఎవరికో ఒకరికి వస్తుంది, ఆపాలి. వేలిముద్ర యంత్రాలను ఆధార్‌తో కలిపే ప్రోగ్రాములు (ఆర్‌డీ సర్వీసులు) ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌ల కోసమే ఉంటాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కు లైనక్స్ డ్రైవరు ఉన్నా, పోర్టల్ అడిగే సహాయక ప్రోగ్రాం దగ్గర ఇరుక్కుంటారు. జీతాల ఎక్సెల్ షీట్లలో మాక్రోలుంటే లిబ్రెఆఫీస్‌లో కొన్ని తప్పుతాయి. ఈ లెక్కన ట్యాలీకి 8, ఆఫీసులో 4, మొత్తం 12 విండోస్ సీట్లు తప్పవని తేలింది. మిగతా 28 పాత డబ్బాలు లైనక్స్‌కు. 40 కొనాల్సిన చోట 12. ఈ అంకెను గ్రూపే ముందుగా చెప్పడం వల్ల కమిటీ నమ్మింది. అన్నీ మార్చేస్తామన్నవాడిని ఏ కమిటీ అయినా అనుమానంగానే చూస్తుంది.

28 మెషీన్లకు ఒక్కోదానికి 256 జీబీ ఎస్ఎస్‌డీ, అదనంగా 4 జీబీ ర్యామ్. ఆరో తరం బోర్డుల్లో కొన్ని డీడీఆర్3ఎల్, కొన్ని డీడీఆర్4 తీసుకుంటాయి. మూత తీసి చూడకుండా ఆర్డరు పెడితే సగం వెనక్కి పోతాయి. మిగిలిన 12 పాతవి పార్టుల కోసం అట్టిపెట్టారు.

ఎక్కించే పనిలో ఆగే చోట్లు

లైనక్స్ రకాల్లో లైనక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకున్నారు, ఉబుంటు 24.04 పునాది గనుక 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి. ఒక మెషీన్ పూర్తిగా తయారుచేసి, డిస్కును కాపీ తీసే క్లోనెజిల్లాతో మిగతావాటికి పోశారు.

ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించకపోతే బయోస్‌లో సాటా మోడ్ రైడ్ మీద ఉందేమో చూడాలి, ఏహెచ్‌సీఐకి మార్చాలి. పాత డిస్కు నుంచి డేటా తీసేటప్పుడు అది చదవడానికి మాత్రమే తెరుచుకుంటే విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కారణం, షిఫ్ట్ నొక్కి షట్‌డౌన్ చేసి మళ్ళీ ప్రయత్నించాలి. క్లోన్ చేసే ముందు మాస్టర్ మెషీన్‌లో మెషీన్ ఐడీ ఫైలును ఖాళీ చేయాలి, పేరు మార్చే స్క్రిప్టు పెట్టాలి. లేకపోతే అన్ని మెషీన్లకూ ఒకే గుర్తింపు ఉండి నెట్‌వర్క్‌లో వింత తగాదాలు మొదలవుతాయి.

తేలిగ్గా తీసేస్తే ఫోన్ల మీద ఫోన్లు తెప్పించేది మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ. సీఆర్2032 అయిపోతే, కరెంటు పోయి వచ్చాక తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. బ్రౌజరు ప్రతి సైటుకూ సర్టిఫికెట్ తప్పంటుంది, అప్‌డేట్ "ఈ ఫైలు ఇంకా చెల్లదు" అంటుంది. చూసేవాళ్ళకు లైనక్స్ పాడైనట్టే. మూత తీసినప్పుడే 28 బ్యాటరీలూ మార్చేయడం చవక.

ఎదురు వచ్చినవాళ్ళు

సప్లయర్ వాదనలు ఊహించినవే: లైనక్స్‌కు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉండదు, పిల్లలకు ఉద్యోగాలు రావు. మొదటిదానికి పాత ఏఎంసీ కాగితమే జవాబు. అందులో ఉన్నది హార్డ్‌వేర్ ఒక్కటే, సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ లేదు. రెండోదానికి సిలబస్. సీ, జావా, పైథాన్, మైఎస్‌క్యూఎల్ ప్రాక్టికల్స్ అన్నీ లైనక్స్‌లో నడుస్తాయి. ట్యాలీని ముందే పక్కన పెట్టారు గనుక వాదించడానికి పెద్దగా మిగల్లేదు.

శాసనమండలి వైపు ఒక అడుగు వేశారు. పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల ఎమ్మెల్సీలు కర్నూలు, కడప, అనంతపురం ఉమ్మడి జిల్లాలకు ప్రతినిధులు. వాళ్ళ ఓటర్లలో లెక్చరర్లు, టీచర్లు ఉంటారు, అందుకే కంప్యూటర్ ల్యాబుల విషయం చెవికెక్కుతుంది. ఎమ్మెల్సీని కలిసి ఉపన్యాసం చెప్పడం కంటే, పీఏ చేతికి ప్రశ్న ముసాయిదా ఇవ్వడం నయం. సభలో ప్రశ్నకు ఒక అచ్చు ఉంది, అట్లాగే రాసి ఇచ్చారు: "సమాచార సాంకేతిక శాఖ మంత్రి ఈ క్రింది విషయములు తెలియజేయుదురా: (అ) కేంద్ర ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానము 2015ను రాష్ట్రము స్వీకరించిన విషయము వాస్తవమేనా; (ఆ) అయినచో ఉత్తర్వుల వివరములు; (ఇ) కానిచో అట్టి ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా?" ఇద్దరికీ ఒకే ముసాయిదా, ఒకే రోజు. ఒక్కరికే ఇస్తే అది ఆ ఒక్కరి పార్టీది అయిపోతుంది. స్థానిక ఎన్నికల కోడ్ వచ్చే సూచన ఉంటే ఈ పని ముందో వెనకో పెట్టుకోవాలి. కోడ్ సమయంలో ఆఫీసరు మీ కాగితం తాకడు.

రాజకీయ నిర్ణయం ఒక్కదాని మీద ఆధారపడితే ఏమవుతుందో మ్యూనిక్ నగరం చూపించింది. దాదాపు 15,000 కంప్యూటర్లను లైనక్స్‌కు మార్చి, మేయరు మారాక 2017లో విండోస్‌కు తిరిగి వెళ్ళాలని నగర కౌన్సిల్ ఓటేసింది. కేరళ బడుల్లో లైనక్స్ నిలబడిందంటే కారణం, అక్కడ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, ప్రశ్నలు, పాఠాలు దాని మీదే రాశారు. తిరిగి విండోస్‌కు పోవాలంటే టీచర్లే అడ్డం నిలబడతారు. మనకు స్వేచ్ఛ సంస్థ కాలేజీల్లో నడిపే గ్లగ్‌లు (గ్నూ/లైనక్స్ యూజర్ గ్రూపులు) ఉన్నాయి, పిల్లలు చురుకైనవాళ్ళు. కానీ నాలుగేళ్ళకు అందరూ బెంగళూరు బస్సెక్కుతారు. అందుకే ప్రతి పనికీ ఆఖరి సంవత్సరం వాళ్ళ పక్కన రెండో సంవత్సరం వాళ్ళను జత చేయడం, కాలేజీ సిబ్బందిలో ఇద్దరికి పని నేర్పడం ఈ గ్రూపు పద్ధతి.

ఒప్పుకున్న సపోర్టు

కమిటీ అడిగింది, గ్రూపు రాసిచ్చింది: 90 రోజులు, ప్రతి శనివారం ఒక మనిషి, మిగతా రోజుల్లో రెండు ఫోన్ నంబర్లు. అంతకంటే ఎక్కువ రాసివ్వకూడదు. జీతం లేని పనికి పరీక్షల నెలలో మనుషులు దొరకరు. ల్యాబులో ఒక రూళ్ళ నోటుబుక్కు పెట్టారు: తేదీ, మెషీన్ నంబరు, ఏం జరిగింది, ఎందుకు, ఎవరు సరిచేశారు. ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే దాన్ని మాస్టర్ ఇమేజ్‌లోనే సరిచేయాలి. అడ్మిన్ పాస్‌వర్డు కవరులో పెట్టి, సీలు వేసి, ప్రిన్సిపాల్ బీరువాలో ఉంచారు. గ్రూపు మనుషుల దగ్గర మాత్రమే ఉన్న పాస్‌వర్డు ఏదో ఒక రోజు గ్రూపు మీద ఆరోపణ అవుతుంది.

నోటుబుక్కులో ఎక్కువ ఫిర్యాదులు ప్రింటర్లవే. ఆ తర్వాత తెలుగు కీబోర్డు మార్చే మీట తెలియకపోవడం, ఆ తర్వాత నెట్ కేబుల్ ఊడిపోవడం. వైరస్ అన్న మాట ఒక్కసారీ లేదు. దీన్ని గొప్పగా చెప్పుకోవాల్సిన పని లేదు గానీ, పర్చేజ్ కమిటీకి ఇచ్చే తర్వాతి కాగితంలో ఆ పేజీ జిరాక్స్ ఉండాలి.

ప్రస్తుతం 12 కొత్త కంప్యూటర్లు మారిన స్పెసిఫికేషన్‌తోనే వచ్చాయి. లైసెన్సు ధర ఇన్‌వాయిస్‌లో విడి వరుసగా పడింది, స్టాక్ రిజిస్టరులో కీలు నమోదయ్యాయి. శాసనమండలి ప్రశ్న ఇంకా సభ దాకా రాలేదు. మరో రెండు కాలేజీలు ఇదే పని చేసి పెట్టమని అడిగాయి. ఒకదానికి గ్రూపు ఒప్పుకుంది. రెండో కాలేజీలో ప్రింటర్లన్నీ ఎల్‌బీపీ 2900లే, శనివారాలు వెళ్ళడానికి ఆ ఊళ్ళో సభ్యులు లేరు. అక్కడికి స్పెసిఫికేషన్ వాక్యాల పెన్‌డ్రైవ్ మాత్రం పంపి, ఇన్‌స్టలేషన్‌కు కాదన్నారు.